ధారణ పరీక్ష

మతిమరుపు మనిషితో పెద్ద చిక్కు లేదు. "ఏదో అనుకున్నాను సుమండీ!" అని బుర్ర గోక్కుంటాడు, మనం జాగ్రత్తపడతాం. చిక్కల్లా, తప్పుగా గుర్తుంచుకుని ధీమాగా అప్పజెప్పేవాడితోనే. చెడిపోయిన కంప్యూటర్ మెమరీ ఈ రెండో రకం.

టైపు చేసిన 1కీ, 9కీ లోపల తేడా ఒక్కటంటే ఒక్క బిట్టు. అది కాస్తా తిరగబడితే, పద్దులో వెయ్యి రూపాయలు తొమ్మిది వేలవుతాయి. మిషను ఆగదు, అరవదు. తప్పు పద్దునే భద్రంగా డిస్కుకెక్కిస్తుంది. మర్నాడు నకలు తీస్తే నకలూ తప్పే!

మరి పట్టుకోవడం ఎలా? మన అవధానం పద్ధతే. పూరించిన పద్యాలన్నీ అవధాని చివర్న ధారణ చేస్తాడు చూడండి, అలా ఇచ్చింది తిరిగి అప్పజెప్పించుకోవడం. 1994లో క్రిస్ బ్రాడీ రాసిన మెమ్‌టెస్ట్86 చేసేది ఇదే. విండోస్ లేవకముందే పెన్ డ్రైవ్ నుంచి నడుస్తుంది; అప్పుడైతే మెమరీ దాదాపు అంతా ఖాళీగా చేతికి దొరుకుతుంది. ప్రతి గదిలోనూ సున్నా రాసి చదువుతుంది, ఒకటి రాసి చదువుతుంది. అంతటితో వదలదు. పక్క గదుల్లో అంకెలు మార్చి గోల పెట్టి, ఈ గది తన మాట మీద నిలబడిందా అని చూస్తుంది. అప్రస్తుత ప్రసంగి లేనిదే అవధానికి పరీక్షేముంది!

వేడెక్కితే గాని బయటపడని రోగాలుంటాయి కనక, రాత్రంతా నడవనివ్వాలి. పొద్దున్న ఒక్క తప్పు కనిపించినా 'కోటానుకోట్లలో ఒకటేగా' అని ఊరుకోకూడదు. మెమరీ స్టిక్కులు రెండుంటే, ఒక్కొక్కదాన్నే ఒకే స్లాటులో పెట్టి పరీక్షించాలి. ఒకటే తప్పితే దోషం స్టిక్కుది. రెండూ తప్పితే స్లాటును కూడా అనుమానించాలి. విచారణ లేకుండా శిక్ష వేయకూడదు గదా!

అయితే ఇవాళ నెగ్గినవాడు రేపు తప్పడని కాదు. చిప్పును పొదిగిన పింగాణీలో లేశమాత్రం ఉన్న యురేనియం, థోరియంల నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లను తిరగేస్తున్నాయని ఇంటెల్‌కు చెందిన మే, వుడ్స్ అనేవాళ్లు 1978లో చెప్పారు. చిప్పుకి దెబ్బ తగలదు. మళ్లీ పరీక్షిస్తే శుభ్రంగా నెగ్గుతుంది. ఇలాంటివాటి కోసమే సర్వర్లలో ఈసీసీ మెమరీ వాడతారు. ఒక బిట్టు తప్పితే తనే దిద్దుకుంటుంది. మన ఇళ్లలోని మిషన్లలో చాలావాటికి ఆ భాగ్యం లేదు.

అందుకే కొత్త నకలు తీశాం కదా అని పాతది చెరిపెయ్యకండి. మొన్నటిదీ నిన్నటిదీ విడివిడిగా ఉండనివ్వండి. రెండు నోళ్లు రెండు మాటలు చెబితేనే, ఒకటి తప్పని మనకి తెలిసేది.