నొప్పి చెప్పని గుండె

గుండెకు కష్టమొస్తే ఛాతీలో నొప్పి వస్తుందని అందరికీ తెలుసు. మార్పిడి చేసిన గుండె మాత్రం ఆ కబురు చెప్పలేదు. దాత నుంచి తీసేటప్పుడే దాని నరాలు తెగిపోతాయి మరి! శరీరం దాన్ని పరాయిదని తిరస్కరిస్తున్నా, రక్తనాళాలు సన్నబడుతున్నా చాలామంది పిల్లలకు నొప్పి తెలియదు. హాయిగా ఆడుకుంటూనే ఉంటారు. కన్నవాళ్ల బెంగంతా అదే.

1967లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో డాక్టర్ అడ్రియన్ కాంట్రోవిట్జ్ ఓ పసికందుకు తొలిసారి గుండె మార్చారు. ఆ చిన్నారి కొన్ని గంటలే బతికాడు. 1985లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో డాక్టర్ లియొనార్డ్ బెయిలీ ఓ శిశువుకు అమర్చిన గుండె నిలిచింది. అప్పట్నుంచీ దాన్ని కనిపెట్టుకుని ఉండటమే అసలు పనైంది.

అందుకు పాత దారి బయాప్సీ. మెడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, గుండె కండలోంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. పసివాళ్లకైతే మత్తివ్వాలి. అదీ మొదటి ఏడాదిలోనే ఎన్నోసార్లు!

ఇప్పుడు కోత లేకుండానే చాలా సంగతులు తెలుస్తున్నాయి. గుండె ఎలా ముడుచుకుని వదులవుతోందో ఎకో చూపిస్తుంది. కండరంలో వాపునూ మచ్చల్నీ ఎమ్మారై పట్టిస్తుంది. కాకపోతే కదలకుండా ఉండలేని చిన్నపిల్లలకు దీనికీ ఒక్కోసారి మత్తు తప్పదు. రక్తనాళాల్లో పూడికను సీటీ చెబుతుంది.

బయాప్సీ అవసరం పూర్తిగా తీరిపోలేదు. అనుమానం వస్తే చేయాల్సిందే. అయినా ఏడాదిలో ఒక్కసారి తగ్గినా ఆ ఇంట్లో అది పండగే.