చెన్నూరులో ఆకు చాయ్

చెన్నూరు అనగానే మీలో చాలామందికి కడప పక్కనున్న చెన్నూరు గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది అది కాదండీ. గోదావరి ఒడ్డున, మొన్నటిదాకా ఆదిలాబాద్ జిల్లాలో వుండి, 2016లో మంచిర్యాల జిల్లాలోకి వచ్చిన మా చెన్నూరు. మంచిర్యాలలో రైలు దిగి బస్సెక్కితే జైపూర్ దగ్గర సింగరేణి వాళ్ళ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. తర్వాత భీమారం, ఆ తర్వాత మేమే. సముద్రం వైపు పోవాల్సిన గోదావరి మా దగ్గర ఉత్తరానికి తిరిగి పారుతుంది. అందుకే ఇక్కడి స్నానానికి అంత పేరు. స్నానం చేసి అగస్త్యేశ్వరాలయానికి వెళ్ళండి. అక్కడి అఖండదీపం ఎన్నో తరాలుగా ఆరలేదని పెద్దలు చెబుతారు.

దర్శనం అయ్యాక మా ఇంటికి రండి. మా వైపు ఇంటికొచ్చినవాళ్ళని చాయ్ తాగుతారా అని అడగరు, పెట్టేస్తారు. పాలు, నీళ్ళు, చక్కెర, చాయ్‌పత్త, దంచిన అల్లం, అన్నీ ఒకే గిన్నెలో వేసి రెండు పొంగులు రానివ్వడమే. దానికి వాడే పొడి సీటీసీ రకం. ఆకుని పళ్ళున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, గుండ్రటి పలుకులుగా చేస్తారు. 1930లలో అస్సాంలో మొదలైన పద్ధతి ఇది. రంగు చప్పున దిగుతుంది, పాలకీ చక్కెరకీ తట్టుకుంటుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. పొద్దున్నే డ్యూటీకి పోయే మనిషికి అదే చాయ్.

కానీ మా అత్తమ్మకి చక్కెర వ్యాధి వచ్చింది. డాక్టరుగారు చక్కెర మానమన్నారు. చక్కెర లేని పాల చాయ్ ఒక గుక్క తాగి, "గిది చాయ్ కాదు బిడ్డా, కషాయం" అని గ్లాసు పక్కన పెట్టేసింది. అంతటితో సాయంత్రం అరుగు మీదికి రావడమే మానేసింది. చాయ్ లేకపోతే అరుగు మీద ఏం పని అనేది. మీకు తెలియనిదేముంది, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నలుగురితో కూర్చునేది ఆ పావుగంటే కదా!

మా ఆడబిడ్డ కొడుకు సిలిగురిలో ఉద్యోగం. సెలవులకి వస్తూ అమ్మమ్మ కోసం డార్జిలింగ్ ఆకు ప్యాకెట్టూ, లోపల స్టీలు జాలిబుట్ట వున్న గాజు టీపాటూ తెచ్చాడు. ఇలాంటివి ఇంటికొస్తే అద్దాల బీరువాలో పెట్టేస్తాం. దయచేసి అలా పెట్టకండి.

చేసే విధానం వినండి. ముందు పాట్‌లో వేడినీళ్ళు పోసి, తిప్పి పారబోయాలి. చల్లటి గాజు నీటి వేడిని లాగేస్తుంది. కప్పుకి ఒక టీ చెంచా ఆకు, అంటే రెండు, రెండున్నర గ్రాములు. నీళ్ళు తెర్లిన తర్వాత స్టవ్ ఆపి, ఒక నిమిషం ఆగి పోసి మూత పెట్టాలి. మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. అప్పుడు బుట్ట పైకి తీసేయాలి. అసలు కిటుకంతా ఇక్కడే వుంది. బుట్ట అలాగే వుంటే వగరు దిగుతూనే వుంటుంది, ఆ వగరుని చంపడానికి మళ్ళీ చక్కెర కావాలి. అదే ఆకుకి ఇంకోసారి నీళ్ళు పోసి, ఐదు నిమిషాలుంచితే రెండో వాయి వస్తుంది. గొలుసుతో వేలాడే చిన్న గుండు జాలీలు మాత్రం కొనకండి, అందులో ఆకు విచ్చుకోవడానికి చోటుండదు. టీపాట్ లేదంటారా? మూతున్న స్టీలు గిన్నె, చాయ్ జాలీ చాలు.

నీళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, ఆ సున్నమే చాయ్ మీద మీగడలా తెట్టె కట్టి రుచిని చంపుతుంది. పాల చాయ్‌లో అది తెలియదు. ఆకు చాయ్‌లో దాగదు. ఇంట్లో నల్లా నీళ్ళూ బోరు నీళ్ళూ రెండూ వుంటే, సున్నం తక్కువున్న వాటితో చేయండి. బుట్టని సబ్బుతో తోమితే ఆ వాసన రెండు రోజులు పోదు. గాజుకి పట్టిన గోధుమ మరకకి చిటికెడు వంటసోడా చాలు.

మొదటిరోజు అత్తమ్మ ఈ చాయ్‌ని కూడా "రంగు నీళ్ళు" అనే అంది. కానీ గాజులోంచి చూస్తూ కూర్చుంది. పోసేటప్పుడు నల్లటి పుల్లల్లా వున్నవి ఒక్కొక్కటే విచ్చుకుని, పచ్చటి, రాగి రంగు ఆకులయ్యాయి. బుట్ట తీయగానే ఒక ఆకు అరచేతిలో వేసుకుని, వేలితో సాపు చేసింది. "రెండాకులు, ఒక మొగ్గ. లేతగున్నప్పుడే తెంపిండ్రు. గిది తెంపినోళ్ళు సుత ఆడోళ్ళేనా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో మా అడవి తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా చెన్నూరు అడవులకి తునికాకు కోతకి వెళ్తారు. తెల్లవారకముందే పోయి, ఎండ ముదరకముందు తిరిగొచ్చి, యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లానికి మోస్తారు. అత్తమ్మ పెళ్ళయిన కొత్తలో చాలా ఏళ్ళు పోయింది. ముదురాకు, చిల్లులాకు పక్కకు తీసేసేవాళ్ళట. డార్జిలింగ్ కొండల మీద తెంపేదీ ఎక్కువగా ఆడవాళ్ళేనని చెప్పాను. "ఎన్నాకులకొక కట్టనో?" అంది. కట్ట కాదత్తమ్మా, తూకం అన్నాను. కాసేపు ఆలోచించి ఇంకో కప్పు పొయ్యమంది.

ఇప్పుడు సాయంత్రం ఐదింటికి అరుగు మీదికి వస్తుంది. ఇది మందు కాదు సుమండీ, మాత్రలు మాత్రలే, పరీక్షలు పరీక్షలే. చాయ్ భోజనంతో పాటు తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తం తక్కువున్న ఆడవాళ్ళు భోజనానికీ చాయ్‌కీ కనీసం గంట ఎడం వుంచుకోవాలి. పెళ్ళిళ్ళలో అత్తమ్మకి పాల చాయ్ మీదికి మనసు పోతూనే వుంటుంది. నేను చూడనట్టు వుండను, గ్లాసు సగం నేనే తాగేస్తాను!

వాడిన ఆకు పారేయకండి. పాలూ చక్కెరా తగలలేదు కనుక చీమలు పట్టవు. గులాబీ మొదట్లో మట్టి గిల్లి కలిపేయండి. మా ఇంట్లో ఆ పని అత్తమ్మదే, ఇంకొకరిని ముట్టనివ్వదు.