కోయని బెల్టు

కృష్ణానగర్‌లో పొద్దున్నే జూనియర్ ఆర్టిస్టులు వ్యాన్ల కోసం నిలబడే వీధికి వెనక సందులో, ఒక మేడ మెట్ల కింద అతని కొట్టు ఉండేది. రెండు కుట్టుమిషన్లు, గోడ నిండా మేకులు, మేకులకు వేలాడే నల్లటి పట్టీలు. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ చుట్టుపక్కల ఫైట్లలో మనిషిని వైరుతో గాల్లోకి లేపాలంటే నడుముకీ తొడలకీ బిగించేవి అవే. మా సినిమావాళ్లం వాటిని బెల్టులంటాం. అందుకే యూనిట్లో అందరికీ అతను బెల్టన్న.

నిజానికి అతను సినిమా మనిషి కాదు, కొండ మనిషి. సొంతూరు భువనగిరి. కోట కట్టిన ఆ ఏకశిల మీద చిన్నప్పటి నుంచీ పాకినవాడు. తండ్రి దగ్గర టైలరింగ్ నేర్చుకుని, ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లకు వీపు సంచులు, బండలెక్కేవాళ్లకు బెల్టులు కుట్టేవాడు. దాంతో ఇల్లు గడవక మా వైపు వచ్చాడు. మల్లి మస్తాన్‌బాబు అంటే ప్రాణం. మన నెల్లూరు జిల్లావాడు 2006లో ఏడు ఖండాల శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కాడన్న పేపరు ముక్క మిషన్ ఎదురుగా అతికించుకున్నాడు.

ఆదివారం షూటింగ్ లేకపోతే నన్ను ఫిల్మ్‌నగర్ వెనక మిగిలిన బండల మీదికి తీసుకెళ్లేవాడు. "గీ బంగ్లాల కింద ఉన్నయన్నీ గివే అన్నా, పేల్చి కట్టిన్రు" అనేవాడు. ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని నాకు తెలిసింది అతని నోటే.

అతని పనితనం అందంలో ఉండేది కాదు. నల్ల పట్టీ మీద పసుపు దారంతో కుట్టేవాడు. కెమెరాకు కనబడుతుంది, నల్ల దారం వెయ్యమని కాస్ట్యూమ్ వాళ్లు గొడవపడేవాళ్లు. "నల్ల దారం తెగితే మీకు కనబడ్తదా?" అని ఒకటే అడిగేవాడు. కొండెక్కే తాడు సాగి కుదుపును మింగుతుంది, సినిమా వైరు సాగదు, ఆ దెబ్బంతా బెల్టు మీదా నడుము మీదా పడుతుంది కాబట్టి కొండ బెల్టు కన్నా సినిమా బెల్టే గట్టిగా ఉండాలని అతని లెక్క. ప్రతి బెల్టుకూ ఒక నంబరు, కుట్టిన తేదీ, ఏ షూటింగ్‌కు వెళ్లిందీ, ఎప్పుడు తిరిగొచ్చిందీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసేవాడు. ఆయువు తీరిన బెల్టును కత్తెరతో రెండు ముక్కలు చేస్తే తప్ప గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. మొత్తంగా ఉంటే ఎవడో ఒకడు కట్టుకుంటాడని భయం.

ఆ ఒకడిని నేనే.

2012లో నేను ప్రొడక్షన్ మేనేజర్‌ని. మర్నాడు ఫైట్‌లో నలుగురు ఒకేసారి ఎగరాలి. బెల్టులు మూడే ఉన్నాయి. నాలుగోది కుట్టడానికి మూడు రోజులు కావాలన్నాడు. క్రేన్ బాడుగ, హీరో డేట్లు, సెట్టు అద్దె అన్నీ నా తల మీదున్నాయి. బల్ల మీద 14వ నంబరు బెల్టు కనబడింది. కొత్తదే, ఆరు నెలలు కూడా వాడలేదు.

"గది పోయింది అన్నా. జనరేటర్ వ్యాన్ల బ్యాటరీల పక్కన పడేసిన్రు. యాసిడ్ తగిలితే నైలాన్ లోపల్నే చచ్చిపోతది. కండ్లకు కొత్తగనే ఉంటది" అన్నాడు కత్తెర తీస్తూ.

"మనిషికి కాదులే, లాంగ్ షాట్‌లో బొమ్మకు కడతాం. కొయ్యకుండా ఇవ్వు" అన్నాను.

"బొమ్మకేనా?"

"బొమ్మకే."

నా ముఖం వంక ఒకసారి చూసి కత్తెర కింద పెట్టాడు. ఏడేళ్ల స్నేహంలో నేనెప్పుడూ అతనికి అబద్ధం చెప్పలేదు. ఆ నమ్మకాన్నే వాడుకున్నాను.

మర్నాడు రిహార్సల్‌లో ఎనిమిది అడుగుల ఎత్తులో ఉండగా తొడ పట్టీ తెగింది. కింద పరుపులు వేశాం కాబట్టి ఫైటర్‌కు మణికట్టు విరగడంతో పోయింది. టేక్‌లో అయితే అదే ముప్పై అడుగులు. ఆ సాయంత్రం ఆఫీసులో "ఎవరి బెల్టది?" అని అడిగారు. "బెల్టన్నది" అన్నాను. ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మిగతాది మింగేశాను.

తర్వాత అతనికి ఫోన్లు తగ్గాయి. ఆర్నెల్లలో కొట్టు ఖాళీ చేసి భువనగిరి వెళ్లిపోయాడు. నన్నొక్క మాట అడగలేదు. అడగకపోవడం నాకు సుఖంగానే ఉండింది. తనే కోసి ఉండాల్సింది కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ని.

2014 మే 25న పూర్ణ, ఆనంద్ అనే గురుకులం పిల్లలిద్దరు ఎవరెస్టు ఎక్కారు. తొలి పాఠాలు నేర్చింది భువనగిరి బండ మీదే. అతనెంత పొంగిపోయి ఉంటాడో అనుకున్నాను. మరుసటేడు ఏప్రిల్లో ఆండీస్ పర్వతాల్లో మస్తాన్‌బాబు మృతదేహం దొరికిందన్న వార్త వచ్చిన రోజు, అతని నంబరు దాకా వెళ్లి ఫోన్ పక్కన పెట్టేశాను. పరామర్శ మొదలుపెడితే ఆ మాట కూడా చెప్పాల్సొస్తుంది.

2019లో అతను జబ్బు చేసి పోయాడు. దినాలకు వెళ్లాను. వాళ్లావిడ "మీ సినిమావి అన్నా, మాకెందుకు" అని ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. బస్సులో తెరిచాను. 14వ నంబరు ఎదురుగా ఇలా ఉంది: "కోయకుండ ఇచ్చిన. తప్పు నాది." దాని కింద ఫైటర్ పేరు, ఆరు నెలల తేదీలు, ఒక్కో తేదీ ఎదుట వెయ్యి రూపాయలు. నా పేరు ఎక్కడా లేదు. బొమ్మ మాట కూడా లేదు.

నన్ను కాపాడటానికే అలా రాశాడని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఎవరు అడిగినా, ఎందుకు అడిగినా కోయకుండా ఇవ్వడం తప్పు అన్నది అతని లెక్క. తన వంతు తప్పును ఆ పూటే పుస్తకంలో రాసుకుని, తీర్చుకుని, పోయాడు. నా వంతు రాసుకోవడానికి అతని పుస్తకంలో చోటుండదు కదా.

ఈమధ్య ఆ ఫైటర్‌ను వెతుక్కుంటూ వెళ్లి జరిగింది చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "అన్న ఉన్నప్పుడు చెప్పాల్సింది సార్" అన్నాడు. అంతకు మించి తిట్టినా తీసుకునేవాణ్ని.

ఫిల్మ్‌నగర్‌లో కొత్తగా మేనేజర్లయిన పిల్లలకు ఒక మాట. చూడ్డానికి బాగానే ఉంది, నిన్న కూడా ఏం కాలేదు అన్న మాట మీ నోట వస్తోందంటే అక్కడ ఆగండి. పనివాడు పోయిందన్న బెల్టును అతని ఎదుటే కోయించండి. క్రేన్ బాడుగ ఒక రోజు ఎక్కువవుతుంది, అంతే.