అడిగేవారు ఒకరుండాలి



ఈ వారం నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఆ కుటుంబాన్ని అడిగే, పేర్లు లేకుండా రాస్తున్నాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, పదో తరగతి చదివే కొడుకుని తండ్రి నా దగ్గరకు తీసుకొచ్చాడు. "వీడికి చదువు మీద ధ్యాస లేదు, ప్రార్థన చేయండి అయ్యగారూ" అన్నాడు. తలమీద చెయ్యి వేసి ప్రార్థించాను. ఆపైన పావుగంట బుద్ధి చెప్పాను. "సరే అయ్యగారూ" అన్నాడు కుర్రాడు, తల ఎత్తకుండా.

రెండు వారాల తర్వాత రాత్రి తొమ్మిదింటికి వాళ్లమ్మ ఫోన్ చేసింది. పిల్లాడు ఇంటికి రాలేదు. వెతగ్గా వెతగ్గా పామాయిల్ తోటలో ఒక్కడే కూర్చుని కనబడ్డాడు. ఈసారి నేనేమీ చెప్పలేదు. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి అన్నాడు: "బతకాలని లేదు అయ్యగారూ. అందరూ చెప్తారు, ఎవరూ అడగరు."

మర్నాడే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. దేవుని కృపవల్ల ఇప్పుడు తేరుకుంటున్నాడు.

1 రాజులు 19వ అధ్యాయం మళ్లీ చదివాను. చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతచేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు. హోరేబులో, ఇక్కడేం చేస్తున్నావని అడిగాడు. జవాబు విన్నాక, మళ్లీ అదే అడిగాడు.

మన పిల్లల్ని బడిలో అలా అడిగేదెవరు? విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. చిన్న బడులు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి.

కాగితం మీద మాట బడి గడప దాటాలంటే తల్లిదండ్రులే కదలాలి. పాఠశాల కమిటీలో అడగండి: ఆ మనిషి ఏ రోజు వస్తారు? పిల్లలు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా వెళ్లొచ్చా? చెప్పుకున్న మాట స్టాఫ్ రూములో నలుగురి నోటా పడకుండా ఉంటుందా?

అప్పటివరకు టెలి మానస్ 14416 ఉంది. ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మన మందిరం గోడమీద రాయించాను. ప్రార్థన మానమనడం లేదు. ప్రార్థించే నోటికి వినే చెవి కూడా తోడవ్వాలి.

ఈ రాత్రి మీ పిల్లల్ని మార్కులు కాదు, మనసు ఎలా ఉందో అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోండి. ఆమేన్.