కాలి నొప్పికి కట్టుడు సాధనములు

మన యిండ్లలో కోడలు పెద్దల యెదుట కాలు చాపుటయే తప్పు. దిండ్లపై నెత్తి పెట్టుకొనుట మఱింత తప్పు. కాని పాదమునకు శస్త్రచికిత్స జరిగినపిదప నొప్పి తగ్గించు ఉపాయములలో కాసు ఖర్చు లేనిది అదియే. పాదము గుండెకంటె నెత్తున నున్న వాపు దిగును. వాపుతో నొప్పియు దిగును.

మా తోడికోడలికి బొటనవ్రేలి మొదట ఎముక బొడిపెగా పెరిగి చెప్పు తొడుగనీయలేదు. కరీంనగరములో శస్త్రచికిత్స చేయించి హుస్నాబాదునకు తీసికొనివచ్చితిమి. మామగారి యడుగుల చప్పుడు వినబడినంతనే ఆమె కాలు దించుకొనెడిది, దించినంతనే పోటు. నాలుగవనాడు ఆయనయే గడపకడ నిలిచి "బిడ్డా, కాలు దించకు" మనిరి.

నొప్పిమాత్రలు ఆమె కడుపున కిమడవు. వైద్యు డొసగినవి మానరాదు, తోచినన్ని మ్రింగనురాదు. కావున చలువపట్టీ తెచ్చితిమి. ఇది జెల్ నింపిన సంచి. ఫ్రిజ్జులో చల్లబఱచి పాదమునకు చుట్టుదురు. నడుమ పొడిగుడ్డ యుండవలెను, కట్టు తడియరాదు, 20 నిమిషములు మించరాదు. మావారు బడిగంట కొట్టించినట్లే గడియారము చూచి పట్టీ తీయించువారు. ఇటుక కాపడము పెట్టుమన్న పెద్దమ్మల ప్రేమకు నమస్కారము. క్రొత్తగాయమునకు వేడి తగిలిన వాపు హెచ్చును. మధుమేహముచే పాదము మొద్దుబాఱినవారు వైద్యు నడుగక చలువపట్టీ కట్టరాదు. చర్మము చెడినను వారికి తెలియదు.

టెన్స్ అను చిన్న విద్యుత్పేటిక మఱియొకటి. నడుమున తగిలించుకొని, దాని జిగురుబిళ్లలను గాయమునకు దూరముగ మంచి చర్మముపై అంటింతురు. చీమలు ప్రాకినట్లుండును. ఈ యుపాయము ప్రాచీనమే. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమక వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, వాతరక్తము గలవారిని విద్యుత్తుగల టార్పెడో చేపపై పాదముంచి, మోకాలివఱకు తిమ్మిరి యెక్కునందాక నిలువుమని వ్రాసెను. 1965లో మెల్జాక్, వాల్ అను పండితులు దీనికి కారణము చెప్పిరి: వెన్నుపాములో ద్వారమువంటి దొకటి కలదు, స్పర్శ యచట చేరిన నొప్పికి దారి యిఱుకగును. పడిన బిడ్డ మోకాలిని తల్లి రాచుట యిందులకే గదా! పేస్‌మేకరు గలవారికి ఇది తగదు. గర్భిణులు వైద్యు నడుగవలెను. అందఱకు నొకేరీతి గుణము నీయదు. మా తోడికోడలు చలువపట్టీనే మెచ్చినది.

నడచునపుడు వైద్యులిచ్చిన వంగని యడుగుగల చెప్పు తప్పక తొడుగవలెను. వ్రేళ్లు నీలిబాఱినను, పిక్క వాచి నొచ్చినను, జ్వరము తగిలినను ఈ సాధనములన్నియు ప్రక్కనుంచి వెంటనే ఆసుపత్రికి పోవలెను; తెల్లవాఱనిమ్మని ఆగరాదు.