పెట్టె మీద లేని పేర్లు

ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు సేకరించేవాళ్ళ మధ్య "థర్డ్ పార్టీ" అని ఒక మాట నడుస్తుంటుంది. మన ప్రాజెక్టుల్లో వాడే థర్డ్ పార్టీ లైబ్రరీ లాంటిది కాదు లెండి. హాస్‌బ్రోతో గానీ, టకారా టోమీతో గానీ ఏ సంబంధమూ లేని చిన్న కంపెనీలు, ఎక్కువగా చైనావి, అవే పాత్రలకి సొంతంగా డిజైన్ చేసి అమ్మే బొమ్మలన్నమాట. అలాంటిదొకటి, అరచేతిలో పట్టేంతది, నెల రోజులుగా నా టేబుల్ మీదుంది. అది ఎలా ఉందన్నది ఒక సంగతి, అసలు కొనొచ్చా అన్నది ఇంకో సంగతి.

ముందు బొమ్మ గురించి. ఎత్తు 11 సెంటీమీటర్లు. ఎర్ర క్యాబు, నీలం కాళ్ళు, ఛాతీ మీద లారీ అద్దాలు. చూడగానే ఎవరో తెలిసిపోతుంది. 1984 నాటి ఆప్టిమస్ ప్రైమ్ బొమ్మకి పిడికిళ్ళు విడి ముక్కలు. లారీగా మార్చాలంటే వాటిని పీకి పక్కన పెట్టాలి, ఆ తర్వాత సోఫా కింద వెతుక్కోవాలి. ఇందులో పిడికిలి మడిచి చేతిలోకే తోసెయ్యొచ్చు. నడుము తిరుగుతుంది, మోకాలు బాగా ముడుచుకుంటుంది, మోచేతికి రెండు కీళ్ళు. కార్టూన్ గీసేవాళ్ళకి ఏ చిక్కూ లేదు, అడ్డొచ్చిన ముక్కని మాయం చేసేస్తారు. మెగాట్రాన్ అంతటివాడు పిస్తోలుగా మారి ఇంకొకడి చేతిలో ఇమిడిపోతాడు. ప్లాస్టిక్కుకి ఆ సుఖం లేదు. ప్రతి ముక్కకీ లారీలోనూ చోటుండాలి, రోబోలోనూ చోటుండాలి. 11 సెంటీమీటర్లలో ఆ లెక్క కుదర్చడం ఎంత కష్టమో తక్కువ మెమరీలో ప్రోగ్రాము ఇరికించినవాళ్ళకి తెలుస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎడమ భుజం కీలు మొదటి రోజు నుంచే వదులు. ఛాతీ మూసేచోట ఒక సన్నటి రేకులాంటి ముక్క ఉంది, దాన్ని నొక్కిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టాల్సిందే. సూచనల కాగితంలో ఏడో బొమ్మకీ ఎనిమిదో బొమ్మకీ మధ్య మూడు పనులు మింగేశారు. మన డాక్యుమెంటేషన్ గుర్తొచ్చింది :)

"దీని పేరేంటి నాన్నా?" అని మా ఆరేళ్ళవాడు అడిగాడు. ఆప్టిమస్ ప్రైమ్ అన్నాను. వాడికి ఈ మధ్యే కూడబలుక్కుని చదవడం వచ్చింది. పెట్టె అటూ ఇటూ తిప్పి, "ఇక్కడ అలా లేదుగా" అన్నాడు. ఉండదు మరి. ఆ పేరు ట్రేడ్‌మార్కు కాబట్టి ఇంకేదో పేరు అచ్చేస్తారు. ఆటోబాట్ ముద్ర కూడా ఉండదు. అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు, పెట్టెకి మాత్రం తెలియదు. దాని మీద 15+ అని ఉంది, బీఐఎస్ గుర్తు లేదు. మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఆ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. అందుకని వాడి చేతికి ఇవ్వలేదు.

డూప్లికేటు బొమ్మ వేరు. అసలు బొమ్మని విప్పి, ముక్కలకి అచ్చులు తీసి పోతపోస్తారు. అది సోర్సు కోడు ఎత్తుకుపోవడమే. ఇక్కడ కీళ్ళూ మడతలూ వీళ్ళు సొంతంగా ఆలోచించినవి. కాంపాక్ కథ గుర్తుందా? 1982లో ఐబీఎమ్ బయోస్ ఏం చేస్తుందో ఒక బృందం రాసిపెట్టింది, ఆ కోడు చూడని ఇంకో బృందం కొత్తగా రాసింది. ఈ బొమ్మా అంతేగా అనొచ్చు. నేను ఒప్పుకోను. కాంపాక్ తీసుకున్నది పనిని. ఈ బొమ్మ తీసుకున్నది మొహాన్ని. అవే కీళ్ళకి వేరే మొహం తగిలిస్తే ఎంతమంది కొంటారు?

అసలు ట్రాన్స్‌ఫార్మర్సే అరువు సరుకు కదా అని ఇంకో వాదన. 1984లో హాస్‌బ్రో మొదలుపెట్టినప్పుడు చాలా బొమ్మలు టకారా వాళ్ళ డయాక్లోన్, మైక్రోమాన్ వరసల్లోంచి వచ్చినవే. ఆప్టిమస్ ప్రైమ్ కూడా డయాక్లోన్ లారీయే. జెట్‌ఫైర్ అయితే టకటోకు కంపెనీ చేసిన మాక్రాస్ విమానం. నిజమే, కానీ అవి ఒప్పందాలు రాసుకుని తెచ్చుకున్నవి. అడిగి తెచ్చుకోవడానికీ అడక్కుండా తీసుకోవడానికీ తేడా లేదంటే, రేపు మన కోడు ఎవరైనా పట్టుకుపోయినప్పుడు మనకి నోరుండదు.

మరెందుకు కొన్నావంటారా? ఆ కీళ్ళ కోసం. నా మటుకు నాకు లెక్క ఇది: అసలు కంపెనీ బొమ్మ కొన్నాకే ఇలాంటిది. డూప్లికేటు వద్దు. ఒరిజినల్ అని చెప్పి ఎవరికీ తిరిగి అమ్మకూడదు.

మావాడు అడిగాక ఆ పెట్టెని నేనూ ఒకసారి పూర్తిగా చదివాను. అంత చిన్న చేతిలో పిడికిలి దాచిన ఇంజనీరెవరో కూడా దాని మీద లేదు. పాత్ర తనది కాకపోవచ్చు, ఆ మడత మాత్రం తనదే. తన పేరు వేసుకోడానికి వీల్లేని పని ఎంత బాగా చేసినా ఏం లాభం? అంత పనితనం ఉన్నవాళ్ళు సొంత రోబో ఒకటి చేస్తే, అది ఎవరికీ తెలియని మొహమైనా సరే, మొదట కొనేవాళ్ళలో నేనుంటాను. మీరుంటారా?