24 గంటల నొప్పికి 24 గంటలు ఆగకండి

మేమిద్దరం పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక క్యాంపు ఆఫీసులో గుమస్తాలం. టైం షీట్లు రాయడం, గదులు కేటాయించడం మా పని. చదివింది ఇంటర్. వైద్యం మాకు తెలియదు. తెలియదని ఒప్పుకోకపోవడమే ఆ రాత్రి మేము చేసిన తప్పు.

నిజామాబాద్ తమ్ముడొకడు సాయంత్రం వచ్చి, "అన్నా, బొడ్డు చుట్టూ మస్తు నొస్తున్నది, బువ్వ తినబుద్ధి అయితలేదు" అన్నాడు. గ్యాస్ అన్నాం. వాము నీళ్లు తాగించాం, జెలుసిల్ ఇచ్చాం. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. తెల్లవారేసరికి నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. ఒళ్లు కాలిపోతోంది, కాళ్లు చాపలేక ముడుచుకున్నాడు. అయినా అతని మాట ఒకటే: "షిఫ్టు పోతే పైసలు పోతయన్నా. దవాఖాన బిల్లు ఎవరు కడ్తరు?" మాకూ అదే భయం. చివరికి 000కి ఫోన్ చేశాం. అపెండిక్స్ పగిలిందన్నారు డాక్టర్లు. బతికాడు. కానీ రెండు మూడు రోజుల్లో గదికి రావలసినవాడు రెండు వారాలు ఆసుపత్రిలోనే ఉన్నాడు.

మన ఊళ్లలో దీన్నే 24 గంటల నొప్పి అంటారు. ఆ పేరే మనల్ని మోసం చేస్తుంది. ఒక్క రోజు ఓర్చుకుంటే పోతుందనుకుంటాం. ఒక్కోసారి నొప్పి హఠాత్తుగా తగ్గుతుంది కూడా. అది నయమైనట్టు కాదు, అపెండిక్స్ పగిలిన గుర్తు కావచ్చు. 1902 జూన్ 26న ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డుకు పట్టాభిషేకం జరగాలి. రెండు రోజుల ముందు ఇదే జబ్బుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చి, అది ఆగస్టు 9కి వాయిదా పడింది. రాజుగారి పట్టాభిషేకమే ఆగినప్పుడు మన షిఫ్టు ఎంత?

ప్రతి కడుపునొప్పీ అపెండిక్స్ కాదు. నడుము పక్క నుంచి గజ్జల్లోకి అలలు అలలుగా పొడిస్తే కిడ్నీలో రాయి కావచ్చు. ఎండలో నీళ్లు తక్కువ తాగి పనిచేసేవారు జాగ్రత్త. నూనె వంటలు తిన్నాక కుడి పక్కటెముకల కింద నొస్తే పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. పైకడుపులో మంట అల్సర్ కావచ్చు. అల్సర్లకు ముఖ్య కారణం కారం కాదు, ఒక సూక్ష్మజీవి అని తేల్చింది ఇక్కడి పెర్త్ డాక్టర్లే. వారు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్. అందుకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒళ్లునొప్పులకని రోజూ మింగే మాత్రలూ అల్సర్ తెస్తాయి. పైకడుపు నొప్పితో చెమటలు, ఆయాసం వస్తే గుండెపోటు కూడా కావచ్చు.

ఇవన్నీ తేల్చడం మన పని కాదు. భరించలేని నొప్పి, గట్టిపడిన కడుపు, జ్వరం, ఆగని వాంతులు, నెత్తుటి వాంతి, నల్లటి విరేచనం, కళ్లు తిరగడం - వీటిలో ఏది కనిపించినా ఆగకండి. విరేచనాల మందు వేయకండి. 000కి ఫోన్ చేసి "అంబులెన్స్", "తెలుగు" అనండి, అనువాదకుణ్ణి కలుపుతారు. అంత తీవ్రం కాకపోయినా అనుమానముంటే, మా రాష్ట్రంలో 1800 022 222లో రాత్రింబవళ్లు నర్సు మాట్లాడతారు.

ఎమర్జెన్సీలో ముందు వైద్యం, తర్వాతే బిల్లు. 482 వీసావారికి ఆరోగ్య బీమా ఉండి తీరాలన్నది వీసా షరతు. ఆ కార్డు పర్సులోనే పెట్టుకోండి. పర్మినెంటు ఫుల్‌టైం ఉద్యోగులకు ఏడాదికి 10 రోజులు జీతంతో కూడిన సిక్ లీవు ఉంది, క్యాజువల్ వారికి లేదు. లేకపోయినా, పోయేది నాలుగు రోజుల జీతమే.

ఇప్పుడు మా ఆఫీసు గోడ మీద ఆ నంబర్లు తెలుగులో రాసి అంటించాం. వాము డబ్బా ఇంకా ఉంది. కానీ ఎవరైనా కడుపునొప్పి అంటే ముందు చెయ్యి పోయేది ఫోన్ మీదికే.